జపాను దేశపు రెండు పందెపు బండ్లు - వాని హెచ్చు తరగతుల తారతమ్యము

గత సంవత్సరము వర్షముచే ఆటలు నిలిచిపోయిన యొక సాయంకాలమున మా తొమ్మిదవ తరగతి గదిలో నొక వాదము చెలరేగెను. ఒక బాలుని పుస్తకపు అట్టమీద నీలిరంగు మోటారుబండి బొమ్మ అంటింపబడి యుండెను. వాని ప్రక్కవాని పుస్తకముమీద ఎఱ్ఱని బండి బొమ్మ. మొదటిది సుబారు వారి ఇంప్రెజా డబ్ల్యు. ఆర్. ఎక్స్. ఎస్. టి. ఐ. రెండవది మిత్సుబిషి వారి లాన్సర్ ఎవల్యూషన్. "రెండింటిలో నేది గొప్పది, మాష్టరుగారూ?" అని తరగతి యంతయు నొక్క గొంతుతో నడిగెను. "గొప్ప యనగా నేమి, నాయనా?" అని మేము తిరిగి యడుగగా ఒకడు వేగమనెను, ఒకడు చప్పుడనెను, వేఱొకడు వెల యనెను. ఇంతలో గంట మ్రోగెను. సమాధానము సగములో నిలిచిపోయెను. పిమ్మట కొలది వారములకు జరిగిన యొక సంగతి ఆ సమాధానమును పూర్తిచేయుట మా విధి యని మాకు తోపించెను. ఆ సంగతిని వ్యాసాంతమున చెప్పెదము. ముందు బండ్ల విషయము.

పోటీ పుట్టిన విధము

ర్యాలీ యనునది చదునైన గుండ్రని బాటపై జరుగు పందెము కాదు. మట్టిబాటలమీదను, కంకరమీదను, మంచుమీదను, కొండమలుపులలోను ఒక్కొక్క బండి విడివిడిగా కాలమునకు ఎదురొడ్డి పరుగిడును. 1990 తరువాతి యేండ్లలో ప్రపంచ ర్యాలీ పోటీలందు 'గ్రూపు ఏ' అను నిబంధన అమలులో నుండెను. పందెములో నడుపదలచిన బండిని తయారుచేయువారు తొలుత అట్టివానిని 2500 వఱకు చేసి సామాన్యజనులకు అమ్మవలెననుట ఆ నిబంధన సారము. కావున పందెము గెలువగోరు కంపెనీ తన పందెపు బండిని గృహస్థునకు గూడ అమ్మక తప్పదాయెను.

అంతకుముందు మిత్సుబిషివారు గెలాంట్ అను పెద్దబండితోను, సుబారువారు లెగసీ అను పెద్దబండితోను పందెములాడుచుండిరి. ఇరువురకును ఒకే యాలోచన తట్టెను: పెద్దబండిలోని బలమైన ఇంజనును చిన్నబండిలో నమర్చినచో బరువు తగ్గును, మలుపులలో చుఱుకుదనము హెచ్చును. 1992 సంవత్సరమున అక్టోబరులో మొదటి ఎవల్యూషనును, నవంబరులో మొదటి ఇంప్రెజా డబ్ల్యు. ఆర్. ఎక్స్.ను వెలువడెను. ఎవల్యూషను తల్లియైన సామాన్యపు లాన్సరు మనకు క్రొత్తది కాదు. 1998 మొదలు చెన్నపట్టణమునకు చేరువనున్న తిరువళ్లూరులో హిందూస్థాన్ మోటార్సువారు దానిని తయారుచేసిరి గనుక మన పెద్దలలో పలువురు దానిని చూచియే యుందురు. రూపమున రెండును అక్కాచెల్లెండ్రవలె నుండినను లోపలి నిర్మాణమున భేదము మిక్కిలి గొప్పది.

టర్బో యనగా నేమి?

ఇంజను గాలిని పెట్రోలుతో కలిపి మండించి ఆ మంటచే ముషలములను త్రోయు యంత్రము. ఎక్కువ బలము కావలెనన్న ఎక్కువ పెట్రోలు మండవలెను. అందులకు ఎక్కువ గాలి కావలెను. కమ్మరి తిత్తి యూదినకొలది కొలిమి రగులుకొనుట మనము చూచుచున్నదే. టర్బోఛార్జరు ఇంజనునకు అట్టి తిత్తి. అయితే తిత్తిని ఊదుటకు వేఱొకడు అక్కఱలేదు. మండిన పిదప వ్యర్థముగా బయటికి పోవు వేడి వాయువే ఒక చిన్నచక్రమును త్రిప్పును. ఆ చక్రముతో నొకే ఇరుసుపై నున్న రెండవ చక్రము బయటిగాలిని లాగి అదిమి ఇంజనులోనికి నెట్టును. ఈ చక్రములు నిమిషమునకు లక్షకు మించిన సార్లు తిరుగును.

ఇందులో రెండు చిక్కులున్నవి. మొదటిది, అదుమబడిన గాలి వేడెక్కును. వేడిగాలి పలుచనగును గనుక లాభము తగ్గును. కావున దానిని ఇంటర్‌కూలరు అను పలుచని గొట్టముల చట్టములో చల్లార్చి పిమ్మట లోనికి పంపుదురు. ఎవల్యూషనులో నిది బండి ముక్కుకడ గాలికి ఎదురుగ నుండును. ఇంప్రెజాలో ఇంజనుపైన నుండును. ముందుమూతమీద కనబడు పెద్ద నోరు దానికి గాలి యందించుటకే గాని అలంకారమునకు గాదు. రెండు బండ్ల హెచ్చు తరగతులలోను ఆ చట్టముపై నీరు చిలుకరించు ఏర్పాటు గలదు. వేసవిలో కుండకు తడిగుడ్డ చుట్టుటలోని సూత్రమే యిది. రెండవ చిక్కు, పాదముతో నొక్కిన తక్షణమే చక్రము వేగమందుకొనదు. కొంత ఆలస్యము తప్పదు. ఈ ఆలస్యమును తగ్గించుటయే హెచ్చు తరగతుల పనులలో నొకటి.

రెండు ఇంజనులు, రెండు స్వభావములు

మిత్సుబిషివారి ఇంజను పేరు 4 జి 63. దాని నాలుగు సిలిండరులు ఒకే వరుసలో నిలువుగ నుండును. వాని దిమ్మె పోత ఇనుముతో చేయబడినది, బరువైనను మిక్కిలి గట్టిది. సుబారువారి ఇ. జె. 20 ఇంజనులో సిలిండరులు ఇరుప్రక్కల రెండేసి చొప్పున నేలకు సమముగ పరుండియుండును. ఎదురెదురు ముషలములు ముష్టియుద్ధము చేయు మల్లుని రెండు పిడికిళ్లవలె కదలును గనుక దానికి బాక్సరు అను పేరు వచ్చెను. ఈ ఇంజను పొట్టిది గనుక దాని బరువు నేలకు దగ్గఱగ నుండును. నిండుకుండను నెత్తిపై మోయువాడు మలుపు తిరుగుటకును చంకనెత్తుకొన్నవాడు తిరుగుటకును గల భేదమే యిచ్చట ఫలితము.

సుబారు బండి చప్పుడు లోకప్రసిద్ధము. ఉడుకు గంజివలె గుడగుడలాడు ఆ ధ్వనికి కారణము బలము గాదు. ఇంజను రెండు ప్రక్కలనుండి పొగను తెచ్చు గొట్టములు సమానమైన పొడవు గలవి గాకపోవుటచే ఒక ప్రక్క పొగ ముందును, రెండవ ప్రక్కది వెనుకను చేరి ఆ ధ్వని పుట్టుచుండెను. 2003 నాటికి జపానులో అమ్మిన ఎస్. టి. ఐ.లలో ఆ గొట్టములను సమానము చేసిరి. దానితో ధ్వని మందగించెను; టర్బో మాత్రము మున్నుకన్న చుఱుకుగ పనిచేసెను. చప్పుడే గొప్పయన్న మా విద్యార్థి ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

హెచ్చు తరగతి యనగా నేమి?

ఒకే బండిని కంపెనీలు పలు తరగతులుగా అమ్ముదురు. సాధారణముగ హెచ్చు తరగతి యనగా మెత్తని తోలు ఆసనము, మంచి సంగీతయంత్రము మున్నగు సౌఖ్యములని మనము తలంతుము. ఈ రెండు బండ్ల విషయమున అది సరికాదు. ఎవల్యూషనులో మొదటినుండి జి. ఎస్. ఆర్., ఆర్. ఎస్. అను రెండు తరగతులుండెను. జి. ఎస్. ఆర్. గృహస్థునకు, అందు చల్లనిగాలి యంత్రము, మీట నొక్కిన దిగు అద్దములు నుండెను. ఆర్. ఎస్. పందెగానికి, అందు అవి లేవు. మొదటి ఎవల్యూషనులో జి. ఎస్. ఆర్. బరువు 1240 కిలోలు, ఆర్. ఎస్. బరువు 1170 కిలోలు. ఈ 70 కిలోలు ఒక పెద్దమనిషి బరువు. బండి నెక్కిన యొక మనిషిని దింపివేసినంత లాభమును వస్తువులను తీసివేయుటచేతనే పొందిరి.

సుబారువారు 1988లో స్థాపించిన సుబారు టెక్నికా ఇంటర్నేషనల్ అను పందెపు శాఖ పేరులోని మూడక్షరములే ఎస్. టి. ఐ. ఆ పేరుగల తొలి ఇంప్రెజా 1994 జనవరిలో వచ్చెను, డబ్ల్యు. ఆర్. ఎక్స్. బలము 240 అశ్వశక్తి కాగా దీనిది 250. 2001 చివర దానికిని మించిన స్పెక్ సి. అను తరగతి వెలువడెను. అందు అద్దములు పలుచనివి. టర్బో ఇరుసు గుండ్లబేరింగులపై తిరుగును గనుక చక్రము త్వరగా వేగమందుకొనును. ఇదియు గృహస్థుని సౌఖ్యమును తగ్గించి పందెగానికి ఉపకరించు తరగతియే.

ఎవల్యూషను పక్షమున దీనికి సాటి 2004లో వచ్చిన ఎనిమిదవ ఎవల్యూషనులోని ఎం. ఆర్. తరగతి. అందు పైకప్పును ఉక్కుతో గాక అల్యూమినియముతో చేసిరి. దీనిచే తగ్గిన బరువు నాలుగు కిలోలు మాత్రమే. నాలుగు కిలోలకు ఇంత శ్రమ యెందుకని మీరు నవ్వవచ్చును. కాని ఆ నాలుగు కిలోలు బండి శిఖరమున నున్నవి. ఎత్తుననున్న బరువే మలుపులో బండిని ప్రక్కకు ఒరిగించును. వీనికి తోడు బిల్‌స్టైన్ కంపెనీవారి మేలైన షాకబ్సార్బరులను అమర్చిరి. అమెరికాలో 2005 నాటి సాధారణపు ఎవల్యూషనునకును ఎం. ఆర్. తరగతికిని ఇంజను బలము ఒక్కటే, 276 అశ్వశక్తి. అదనపు ధనము ఇచ్చినవానికి లభించినది బలము కాదు. నేలను విడువని చక్రము, తేలికైన శిరస్సు, ఐదింటికి మాఱుగ ఆఱు గేర్లు. ఆ ఆఱు గేర్ల పెట్టెకన్న పాత ఐదు గేర్ల పెట్టెయే దృఢతరమని తలచినవారును కలరు. సంఖ్య హెచ్చినంతమాత్రమున గుణము హెచ్చదు.

అదే దేశమున సుబారువారి తరగతుల భేదము వేఱు విధమైనది. 2004 నాటి డబ్ల్యు. ఆర్. ఎక్స్.లో రెండు లీటర్ల ఇంజను, 227 అశ్వశక్తి, ఐదు గేర్లు, ఎస్. టి. ఐ.లో రెండున్నర లీటర్ల ఇంజను, 300 అశ్వశక్తి, ఆఱు గేర్లు. అయితే బలము 73 పెరిగినచోట బ్రేకులను పాతవానిగ విడువలేదు. ఇటలీ దేశపు బ్రెంబో కంపెనీవారి పెద్ద బ్రేకులను, గట్టి గేరుపెట్టెను, బిగువైన స్ప్రింగులను కూడ మార్చిరి. ఈ యొక్క వాక్యము మా వ్యాసమునకు ఆయువుపట్టు.

నాలుగు చక్రములకు బలమును పంచుట

రెండు బండ్లలోను నాలుగు చక్రములును ఇంజనుచే త్రిప్పబడును. ఎడ్లబండి మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును నడచును. ఎడ్లబండి చక్రములు ఇరుసుపై వేర్వేఱుగ తిరుగును గనుక చిక్కులేదు. ఇంజనుచే త్రిప్పబడు చక్రములకు మాత్రము ఈ తేడాను సర్దు డిఫరెన్షియలు అను పండ్లచక్రముల పెట్టె కావలెను. ఆ పెట్టెను ఏలు విధముననే ఈ రెండు బండ్ల స్వభావభేదము స్పష్టముగ కనబడును.

మిత్సుబిషివారు 1996లో నాలుగవ ఎవల్యూషను వెనుక ఇరుసున ఒక యంత్రము నమర్చిరి. మలుపు తిరుగునప్పుడు అది వెలుపలి చక్రమునకు ఎక్కువ బలమును పంపి బండిని లోపలికి త్రిప్పును. 2001లో ఏడవ ఎవల్యూషనున ముందు వెనుకల నడుమ పంపకమును గూడ యంత్రమే చూచుకొనునట్లు చేసిరి. సుబారువారి ఎస్. టి. ఐ.లోనైతే నడిపెడివాని చేతిదగ్గఱ ఒక చిన్నచక్రము గలదు. ముందు వెనుకల బంధమును ఎంత బిగింపవలెనో దానిని త్రిప్పి తానే నిర్ణయించుకొనవచ్చును. మొదటిది నేర్పరియైన సహాయకుని పంపినట్టిది. రెండవది పగ్గములను చేతికిచ్చినట్టిది. పందెపు ఆర్. ఎస్. తరగతిలో మాత్రము వెనుకయిరుసున ఆ తెలివిగల యంత్రమును తీసివేసి సాదా పెట్టెను వాడిరి. తేలికగను, మరమ్మతునకు సులువుగను ఉండుటయే కారణము.

280 అను సంఖ్య

జపానులోని కంపెనీలవారు తమ బండ్ల బలమును 280 అశ్వశక్తికి మించి ప్రకటింపరాదని తమలో తామొక ఒప్పందము చేసికొని 2004 వఱకు పాటించిరి. వేగపు పిచ్చి ప్రబలకుండుటకే ఆ ఏర్పాటు. దీని ఫలితము విచిత్రము. 1996 నాటి నాలుగవ ఎవల్యూషను బలము 280. 2004 నాటి ఎం. ఆర్. బలమును 280యే. ఎనిమిదేండ్లు సంఖ్య కదలలేదు. కాని బండి మాత్రము ప్రతి సంవత్సరమును మేలగుచునే వచ్చెను. ఇంజను మెలిత్రిప్పు శక్తి 353 న్యూటన్ మీటర్లనుండి 400కు పెరిగెను. బ్రేకులు పెద్దవాయెను, చట్రము బిగిసెను, చక్రముల నడుమ వెడల్పు హెచ్చెను. అంకెను పెంచుకొను దారి మూసివేయగా పనివారి బుద్ధి గుణమును పెంచు దారిని వెదకెనన్నమాట. పరీక్షలో వచ్చు మార్కులనే విద్య యనుకొను వారికి ఇందొక పాఠమున్నది.

గెలుపు లెక్క

ప్రపంచ ర్యాలీ పోటీలలో సుబారును నడిపి స్కాట్లండు వాడైన కాలిన్ మెక్రే 1995లోను, ఇంగ్లండు వాడైన రిచర్డ్ బర్న్స్ 2001లోను, నార్వే వాడైన పెట్టర్ సోల్బర్గ్ 2003లోను విజేతలైరి. కంపెనీల బహుమతి 1995, 1996, 1997 సంవత్సరములలో సుబారుకే దక్కెను. మిత్సుబిషి పక్షమున ఫిన్లండు వాడైన టామీ మాకినెన్ 1996 మొదలు 1999 వఱకు వరుసగా నాలుగేండ్లు విజేతయై నిలిచెను. 1998లో కంపెనీ బహుమతియు వారిదే.

ఇచ్చట నొక సంగతి గమనింపదగినది. 1997లో నిబంధనలు సడలి, అమ్మకపు బండికి చాల దూరమైన ప్రత్యేకపు బండ్లను పందెములకు అనుమతించిరి. సుబారువారు ఆ క్రొత్త దారిని పట్టిరి. మిత్సుబిషివారు 2001 వఱకు పాత నిబంధననే అనుసరించిరి. కావున ఆ యేండ్లలో అంగడిలో కొన్న ఎవల్యూషను పందెపు బండికి మిక్కిలి దగ్గఱి చుట్టము. అంగడి బండ్లతోనే ఆడు తరగతి పోటీలలో గూడ ఇరువురును గెలిచిరి: ఉరుగ్వే వాడైన గుస్తావో ట్రెల్లెస్ లాన్సరుపై 1996 నుండి 1999 వఱకును, జపాను వాడైన తొషిహిరొ అరాయ్ ఇంప్రెజాపై 2005, 2007 సంవత్సరములలోను విజయము నొందిరి.

ఇక తీర్పు

పదునుగ మలుపు తిరుగుటయే కోరువానికి ఎవల్యూషను ఎం. ఆర్. మేలు. నడుపువాడు తానే నిర్ణయించుకొనుటను, నిలుకడను, దృఢమైన గేరుపెట్టెను కోరువానికి ఎస్. టి. ఐ. మేలు. గతుకుల బాటలో ప్రతిదినము తల్లిదండ్రులను కూర్చుండబెట్టుకొని తిరుగవలసినవానికి రెండింటిలోని హెచ్చు తరగతియు తగదు. బిగువైన స్ప్రింగులు నడుములను బాధించును, పెట్రోలు ఖర్చును హెచ్చు. అట్టివానికి తక్కువ తరగతియే హెచ్చు తరగతి.

ఇప్పుడు రెండు బండ్లును చరిత్రలో చేరినవి. పదవ ఎవల్యూషనుతో ఆ వంశము 2016లో నిలిచిపోయెను. సుబారువారు 2019లో ఇ. జె. 20 ఇంజనునకు వీడ్కోలుగ జపానులో 555 బండ్లను మాత్రమే అమ్మిరి; పెట్రోలుతో నడచు క్రొత్త ఎస్. టి. ఐ.ను ఇక చేయమని 2022లో ప్రకటించిరి. ఒకరి వెంట నొకరు పరుగిడిన కాలమున ఇరువురును మెఱుగుపడిరి. ఎదుటివాడు లేనిచో నే యొక్కటియు ఇంత మేలు కాకపోయెడిది.

ఇక మేము చెప్పెదమన్న సంగతి. నీలిబండి బొమ్మ అంటించుకొన్న ఆ బాలుడు, తరగతి వాదము జరిగిన కొలది వారములకు, అన్నగారి మోటారు సైకిలునకు పాత పొగగొట్టమును తీసివేయించి పెద్ద చప్పుడు చేయు గొట్టమును పెట్టించెను; పెట్రోలు టాంకుమీద ఎస్. టి. ఐ. అను ఎఱ్ఱని అక్షరముల చీటి అంటించెను. ఒక ఆదివారము సాయంకాలము తాళముచెవి అడుగకయే తీసికొని కాలువగట్టు బాటపై నడిపెను. మలుపులో ఇసుక యుండెను. ముందు బ్రేకు అరిగిపోయి చాలకాలమైనట్లు పడిన పిమ్మటగాని యెవరికిని తెలియలేదు. కుడికాలు రెండుచోట్ల విఱిగెను. మేము చూడబోయినప్పుడు వాని తల్లిగారు మంచముప్రక్క నేలపై కూర్చుండి యుండిరి. ఆమె మూడు రాత్రులు నిద్రించలేదని తెలిసినది. వాడు మమ్ము చూచి చాలసేపు మాటాడలేదు. తరువాత, "మాష్టరుగారూ, ఆ గొట్టము వెలతో బ్రేకు మార్చుకొనవచ్చునట. మెకానిక్కు చెప్పినాడు" అనెను. మాకు బదులు తోచలేదు. నాటి ప్రశ్నకు సమాధానమును మేము నాడే పూర్తిచేసియుండినచో బాగుండెడిదని మాత్రము అనుకొంటిమి.

విద్యార్థులారా, ఆ రెండు కంపెనీల పనివారు బలమును పెంచినప్పుడెల్ల బ్రేకును ముందుగ తలచిరి. మీరు వారి చీటిని అంటించుకొనుచున్నారు. వారి బుద్ధిని అంటించుకొనుడు. తల్లిదండ్రులకును మాదొక మనవి. పదునెనిమిదేండ్లు నిండనివానికి గేర్లబండి నడుపుటకు చట్టము అనుమతింపదు. తాళముచెవిని పిల్లవాని కందని చోట ఉంచుడు. ఈ వారమే ఇంటిలోని బండి బ్రేకులను ఒక్కసారి చూపించుడు. ఆ బాలుడు ఏడు నెలలకు పాఠశాలకు తిరిగివచ్చెను. కొంచెము కుంటుచున్నాడు గాని తరగతిలో ముందు వరుసనే కూర్చుండుచున్నాడు. ఈ వ్యాసమును అచ్చునకు ముందు వానికి చూపి అనుమతి పొందితిమి. వాని పేరు వ్రాయవలదని మేమే నిశ్చయించితిమి.